వంగని సారయ్య ఇంటివాళ్ళు

హన్మకొండ,
6 ఆగస్టు 2024.

అత్తా,

ఫోన్లో బాపు జబ్బు సంగతి ఎత్తగానే "టవర్ అందుతలేదు" అని కట్ చేస్తున్నావు. ఆ టవర్ మీ పెరటి గోడకు ఆనుకునే ఉందని నాకు తెలియదనుకున్నావా? అందుకే ఈ ఉత్తరం. దీన్ని కట్ చేయలేవు. చింపుతావేమో గాని చింపేలోపు నాలుగు ముక్కలైనా చదువుతావు. పల్లీలు కట్టిచ్చిన కాగితం కూడా చదవకుండా పారేయవు నువ్వు.

ముందు మీ తమ్ముడి సంగతి. బాగున్నాడు. మెడ మీద కుట్లు మానాయి. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. అమ్మ మీద అరవడానికి రాక చప్పట్లు కొట్టి పిలుస్తున్నాడు, అమ్మ హాయిగా వినబడనట్టు తిరుగుతోంది. థైరాయిడ్ మొత్తం తీసేశారు కాబట్టి రోజూ పరగడుపున ఒక గోలీ వేసుకోవాలి, బతికున్నంత కాలం.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, కాగితం పక్కన పెట్టకు. బాపు గొంతులో గడ్డ మామూలుది కాదట. ఎం.ఇ.ఎన్. టూ అనే జబ్బు వల్ల వచ్చిందట. ఒంట్లో హార్మోన్లు తయారుచేసే గ్రంథులు కొన్ని ఉంటాయి. గొంతులో థైరాయిడ్, దాని వెనక గింజల్లాంటివి నాలుగు, కిడ్నీల మీద టోపీల్లాగా రెండు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు వాటిలో గడ్డలు పుడతాయి. ఇది అంటుకునేది కాదు, తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చేది. ఇద్దరిలో ఒకరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ బొమ్మా బొరుసే.

హైదరాబాద్ డాక్టరమ్మ బాపును కూర్చోబెట్టి ఇంట్లోవాళ్ళ గురించి అడిగింది. తాత హెర్నియా ఆపరేషన్‌కు పోయి బల్ల మీదే పోయాడని చెప్పగానే ఆవిడ రాయడం ఆపింది. "ముందుకు వంగినా, బరువెత్తినా గుండె దడదడలాడి, చెమటలు పట్టి, తల పగిలిపోయే నొప్పి వచ్చేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది. బాపు బొంగురు గొంతుతో ఒకటే మాట అన్నాడు, "మా అక్క నాట్లెయ్యదు" అని. అని ఏడ్చాడు అత్తా. నేను బాపు ఏడవగా చూడటం అదే మొదలు.

నీకు వచ్చే నెల నర్సంపేటలో పిత్తాశయం రాళ్ళ ఆపరేషన్ అని మామ చెప్పాడు. కిడ్నీ మీద గడ్డ ఉన్న సంగతి తెలియకుండా మత్తు ఇస్తే బీపీ ఆకాశానికి ఎక్కుతుందట. తాతకు అదే జరిగి ఉంటుందని డాక్టరమ్మ అంటోంది. ముందు పరీక్ష చేయించుకో. నా మాట విను.

నీ మేనకోడలు,
పద్మలత


మన ఊరు, నెక్కొండ మండలం,
14 ఆగస్టు 2024.

పద్మా,

నీ ఉత్తరం అందింది. పోస్టాయన "ఏందమ్మా, కోర్టు నోటీసా?" అని ఆయన భయపడి నన్ను భయపెట్టిండు. ఈ ఊరికి చేతిరాత ఉత్తరమొచ్చి ఎన్నేండ్లాయెనో. ఉత్తరానికి ఉత్తరమే జవాబు. నాకు పుస్తకాల తెలుగు రాదు, ఏడో తరగతి దాన్ని, మాట్లాడినట్టే రాస్త. ఎర్ర పెన్ను పట్టుకొని దిద్దకు. నువ్వు టీచర్‌వి బడి పిల్లలకు, నాకు గాదు.

తమ్ముడు ఏడ్చిండంటే నాకు ఆ పూట బువ్వ పోలే. వానికి మెత్తటి జొన్న గట్క పోయమను, కారం తగ్గియ్యమను. ఊరుకోబెట్టు వాణ్ని.

ఇగ నీ రోగం సంగతి. మనింట్ల మేనరికాలు ఉన్నయా? మీ తాత మేనరికం చేసుకోలే, మీ బాపు చేసుకోలే, నేను చేసుకోలే. రక్తం రక్తం కలిస్తెనే గసొంటి రోగాలొస్తయని టీవీల చెప్పంగ నేను విన్న. మల్ల మనకెట్ల వస్తది? ఆ డాక్టరమ్మకు ఇంకెవరిదో చీటీ మన చీటీల కలిసినట్టున్నది.

ఇంకోటి. మా నాయినకు రోగం అని మల్ల రాయకు. ఈ చుట్టుపక్కల మనల్ని "వంగని సారయ్య ఇంటోళ్ళు" అంటరు, ఎందుకో నీకెరుకేనా? చిన్నప్పుడు నా ఒడిల కూసోని ఎన్నిసార్లు చెప్పిచ్చుకున్నవ్! దొర గడి ముంగట ఊరు ఊరంత నడుములు వంచి దండం పెడుతాంటె మా నాయిన ఒక్కడే నిట్టనిలువు నిలబడ్డడు. పొద్దు గూకేదాక ఎండల నిలబెట్టినా వంగలే. ఆయన బిడ్డను నేను. నేను నాట్లేస్తలేనంటె అది రోగమా? మా అత్త బతికినన్నాళ్ళు "పెద్ద దొరసాని, నడుము వంచదు" అని సాధించింది. నాట్ల మడిల నడుము వంచంగనే గుండెల డప్పు మోగుడు, చెమట, కండ్లకు చీకట్లు. అది నా ఒంట్లె ఉన్న మా నాయిన పౌరుషం అనుకున్న. ఆఖరికి బతుకమ్మ కాడ గూడ నేను వంగ, మధ్యన నిలబడి పాట చెప్త. అందరు నా చుట్టు వంగి తిరుగుతరు. ఏం తక్కువైంది నాకు?

మా నాయినకు మత్తు ఎక్కువిచ్చి సంపిండ్రు. గంతే. నర్సంపేట ఆపరేషన్ సెప్టెంబర్ పద్దెనిమిది నాడు ఖాయం. రాళ్ళు నాయి, నొప్పి నాది.

నీ బిడ్డ దీప్తిని ముద్దు పెట్టుకున్న అని చెప్పు. పసుపు కొమ్ములు మీ మామ చేత పంపిస్త.

నీ అత్త,
పూలమ్మ


హన్మకొండ,
19 ఆగస్టు 2024.

అత్తా,

పసుపు కొమ్ములు అందాయి. మామ గుమ్మంలోనే నిలబడి "మీ అత్త ఏం రాసిందో నాకు జర చదివి చెప్పు బిడ్డా, అడిగితె మీద పడి కొడ్తాంది" అన్నాడు. పాపం, చాయ్ కూడా తాగకుండా పోయాడు.

మేనరికం సంగతి చెబుతాను. నువ్వు టీవీలో విన్నది అబద్ధం కాదు. కానీ ఆ రోగాలు వేరు, వాటికి తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, రెండూ కలవాలి. దీనికి ఒక వైపు నుంచి వస్తే సరిపోతుంది. బయటి సంబంధం చేసుకున్నా ఆగదు.

ఆ కిడ్నీ మీది గడ్డ ఏం చేస్తుందో నీకు తెలిసిన మాటల్లో చెప్పాలని రాత్రంతా ఆలోచించాను. మామ బోరు మోటరుకు ఆటో స్టార్టర్ పెట్టించాడు కదా? ఎవరూ నొక్కక్కర్లేదు, కరెంటు రాగానే తనంత తానే మొదలై, మడి నిండినా పోస్తూనే ఉంటుంది. ఆ గ్రంథి పని భయమైనప్పుడో, పరుగెత్తేటప్పుడో గుండెకు జోరు ఎక్కించడం. గడ్డ ఉంటే వంగినప్పుడు కడుపులో ఒత్తిడి పడగానే ఉత్తిపుణ్యానికి మొదలవుతుంది. నువ్వు రాసిన డప్పు, చెమట, చీకట్లు అవే. నీ ఉత్తరం డాక్టరమ్మకు చదివి వినిపిస్తే ఆవిడ కుర్చీలోంచి లేచింది.

తాత గురించి నీకు కోపం రావచ్చు. కానీ చెప్పక తప్పదు. తాత వంగకపోవడం కాదు అత్తా, వంగలేకపోయాడు. పాపం ఆయనకు ఏం తెలుసు!

నర్సంపేట డాక్టరుకు బాపు కాగితాలు చూపించు. పరీక్ష అయ్యేదాకా ఆపరేషన్ ఆపమని ఆయనే అంటాడు. మనమందరం చేయించుకోవాల్సిందే.

పద్మ


27 ఆగస్టు 2024.

పద్మలతకు,

నీ ఉత్తరం చదివి వారం దినాలు నీ పేరు ఎత్తలే. "వంగలేకపోయిండు" అని ఎంత తేలికగ రాసినవ్! "పాపం" అట! మా నాయినను ఈ ఊర్ల ఎవ్వడు పాపం అనలే, దొర గూడ అనలే. నా చేతుల పెరిగిన పిల్లవు, నువ్వంటివి.

నిన్ను అబద్ధం చేద్దామనే భద్రమ్మ దగ్గరికి పోయిన. కుమ్మరి వాడకట్టుల ఉంటది, నీకు యాదికుండదు. చిన్నప్పుడు గడిల ఊడ్చేది. ఆనాడు కండ్లార చూసినోళ్ళల్ల ఆమె ఒక్కతే మిగిలింది. ఇప్పుడు కండ్లు పోయినయి, మతి మాత్రం సక్కగున్నది. "పెద్దవ్వా, మా నాయిన వంగలేనోడా, వంగనోడా, నువ్వే చెప్పు" అన్న.

ముసల్ది నవ్వింది. "రెండు అయితడు బిడ్డా" అన్నది.

ఆనాడు దొర కొడుకు పెండ్లి ఊరేగింపు గడి ముంగటికి వచ్చిందట. అందరితో పాటు మా నాయిన గూడ వంగిండట! వంగి లేచేసరికి మొఖం సున్నం ఏసినట్టు తెల్లగైందట, అంగి చెమటకు పిండితె నీళ్ళొచ్చేటట్టు తడిసిందట, గోడ పట్టుకొని నిలబడ్డడట. ఊరేగింపు తిరిగొస్తది, మల్ల వంగాలె. పక్కనున్న జీతగాడు చెవుల చెప్పిండట, "సారిగా, పానం బాగలేదని చెప్పు, ఇడిసిపెడ్తరు" అని. దానికి మా నాయిన అన్న మాట భద్రమ్మకు ఇప్పటికి యాదికున్నది. "రోగమంటె ఇయ్యాల ఇడుస్తరు, నయమైనంక మల్ల వంగుమంటరు. వంగ అంటె ఇయ్యాల్టితోనే తెగిపోతది" అన్నడట. అని నిట్టనిలువు నిలబడ్డడు. పొద్దు గూకేదాక.

నేను ఆడనే అరుగు మీద కూలబడి ఏడ్చిన. భద్రమ్మ నా తల నిమురుకుంట "మీ నాయినకు వంగితె పానం పోయేటంత పనైతదని నాకెరుకనే. ఎవ్వరికి చెప్పద్దు అన్నడు, చెప్పలే. ఇప్పుడు నువ్వడిగితివి" అన్నది.

అంటె నాయినకు రోగం ఉన్నది, పౌరుషం గూడ ఉన్నది. నాకు ఒకటే చెప్పి పెంచిండు. నాకు రోగం గూడ ఉన్నదని ఎరుకైతె నేను మా అత్త మాటలకు అన్నేండ్లు ఏడుస్తుంటినా? ఆ ముసల్దాని మొఖం మీద చీటీ కొట్టి చెప్తుంటి.

నీ మీద కోపం సగం పోయింది, సగం ఉన్నది. పాపం అన్నందుకు ఆ సగం. ఏం పరీక్షనో రాయి. నర్సంపేటకు పోయి తారీఖు ఆపుమని చెప్పి వచ్చిన.

పూలమ్మ


హన్మకొండ,
31 ఆగస్టు 2024.

మా మంచి అత్తకు,

నీ ఉత్తరం బాపుకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. మూడోసారి తనే తీసుకుని గదిలోకి పోయాడు. నేను "పాపం" అన్నందుకు బాపు చేత కూడా తిట్లు పడ్డాయి, నీ మిగతా సగం కోపం కూడా తీరినట్టే అనుకో.

పరీక్షలో సూది లేదు, సంబరపడు. కానీ చెబితే నవ్వొద్దు, తిట్టొద్దు. ఒక పగలూ ఒక రాత్రీ పోసిన మూత్రమంతా ఒక క్యాన్‌లో పట్టాలి. పొద్దున మొదటిది పారబోసి, ఆ తర్వాతి నుంచి మర్నాడు పొద్దున మొదటిదాకా. ఒక్క చుక్క బయట పోయినా లెక్క తప్పుతుంది. క్యాన్ ల్యాబువాళ్ళే ఇస్తారు, అందులో ముందే కొంచెం మందు ఉంటుంది, చేయి పెట్టకు, చర్మం కాలుతుంది. చల్లగా ఉంచాలి. దానికి ముందు మూడు రోజులు చాయ్, కాఫీ, అరటిపండు ముట్టొద్దు.

చాయ్ మాట చదివి నువ్వేమంటావో ఇక్కడికి వినిపిస్తోంది.

నీ పద్మ


9 సెప్టెంబర్ 2024.

ఓ పద్మా,

నీకు సిగ్గు లేకుంటె నాకన్న ఉండాలె గద! ఇసొంటి పరీక్ష పెట్టిచ్చినవేందే!

చాయ్ లేక మూడొద్దులు నాకు దయ్యం పట్టినట్టయింది. మీ మామ బాయికాడనే పన్నడు, ఇంటి మొఖం చూడలే. వంటింట్ల చాయ్‌పత్త డబ్బ కనబడితె నేనే మా పక్కింటి సమ్మమ్మ ఇంట్ల దాచిపెట్టిచ్చిన, అడిగినా ఇయ్యకు అని. సాయంత్రం పోయి అడిగిన. ఇయ్యలే. మంచి మనిషి.

ఇగ క్యాన్ సంగతి. ల్యాబు పిలగాడు ఫ్రిజ్‌ల పెట్టమన్నడట. పాలు పెరుగు పెట్టుకునే ఫ్రిజ్‌లనా? ఏమన్న మతుందా? ప్లాస్టిక్ తొట్టిల ఐసుగడ్డలేసి బాత్‌రూంల పెట్టి, పైన గంప బోర్లిచ్చిన. ఆనాడే సమ్మమ్మ మనవరాలి ఓణీల పండుగ. నేను పోకుంటె పాట ఎవరు చెప్తరు? పోయిన. నడుమ నడుమ లేచి ఇంటికి ఉరుకుడు, మల్ల వచ్చి పాట అందుకొనుడు. ఆడోళ్ళంత "పూలమ్మా, ఇంట్ల పొయ్యి మీద ఏం పెట్టినవే?" అని ఒకటే అడుగుడు. నెయ్యి కాస్తాన అని చెప్పిన. ఆ మాటనే ముప్పు తెచ్చింది. తెల్లారి నెక్కొండ టేషన్ల సంచిల క్యాన్ పెట్టుకొని రైలెక్కితె, మా ఊరి ఆడామె ఒకతి ఎదురుంగ కూసోని "వదినా, నెయ్యి వరంగల్‌ల అమ్మవోతానవా? నాకు జర పొయ్యరాదు" అని సంచి మీద చెయ్యేసింది! "ఇది దవాఖానోళ్ళకు మాట ఇచ్చిన నెయ్యి" అని సంచి ఒళ్ళ పెట్టుకున్న. వరంగల్ దాక మీ మామ కిటికీల నుంచి బయటికి చూసుకుంట నవ్వుడే నవ్వుడు. ఇంటికొచ్చినంక చెప్త అనుకున్న, గని నాకు గూడ నవ్వాగలే.

రక్తం గూడ తీసుకున్నరు. ఆ సూది సంగతి నువ్వు ముందు చెప్పలే, యాదిపెట్టుకుంట.

అందరం చేయించుకోవాలె అని రాసినవ్ గద, నీ దాంట్ల ఏమొచ్చింది? ఒక్క ముక్క రాయకపోతివి.

అత్త


హన్మకొండ,
21 సెప్టెంబర్ 2024.

అత్తా,

నిన్న డాక్టరమ్మ గదిలో ఏం చెప్పిందో మామ కంగారులో సగమే విన్నాడు. అందుకే ఇక్కడ రాస్తున్నా, గోడకు అతికించు. కుడి కిడ్నీ మీది గ్రంథిలో గడ్డ ఉంది. నిమ్మకాయంత అనగానే నువ్వు "పచ్చడి కాయా, గజనిమ్మకాయా?" అని అడిగావు. ఆవిడ ఇంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదంది. పచ్చడి కాయేనట. గొంతులో కూడా చిన్నగా మొదలైంది, కానీ ముందు దీన్ని తీసి, ఆ తర్వాతే దాని జోలికి పోతారు. ఇది లోపల ఉండగా ఏ ఆపరేషనూ చేయకూడదు. పద్దెనిమిదో తారీఖున నువ్వు నర్సంపేటలో బల్ల ఎక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు అక్షరాలు కుదరడం లేదు. ఈ రాత చూడు, కోడి గెలికినట్టుంది.

దసరా అయ్యాక ఇరవై ఒకటిన ఆపరేషన్. అప్పుడే పిత్తాశయం రాళ్ళూ తీసేస్తారు. దానికి రెండు వారాల ముందు నుంచి బీపీ గోలీలు. వాటితో ముక్కు దిబ్బడ వేస్తుంది, జలుబు అనుకుని జిందా తిలిస్మాత్ రాసుకోకు. లేచేటప్పుడు మెల్లగా లేవాలి. నీళ్ళు బాగా తాగాలి, ఉప్పు ఎక్కువ తినాలి. అవును, ఎక్కువే. నేనూ రెండుసార్లు అడిగాను.

దీప్తి నీకు బొమ్మ గీసి పంపుతోంది. పసుపు రంగు ముద్ద నీ గడ్డ అట.

నీ పద్మ


30 సెప్టెంబర్ 2024.

బిడ్డా పద్మా,

ఉప్పెక్కువ తినమనే డాక్టర్‌ను నా జన్మల చూడలే. మామిడి తొక్కు జాడి ముంగట పెట్టుకొని కూసున్న. మీ మామ చూసి ఓర్వలేకపోతాండు, ఆయనకు ఉప్పు బందు గద.

గోలీలు అనుకున్నదాని కన్న ముందుగాల్నే మొదలువెట్టమన్నరు. ఐదు దినాలైంది. నిన్న ఒక ముచ్చటైంది. పక్క మీద పండుకుంటె గుండె సప్పుడు వినబడలే. నాకు భయమైంది, ఆగిపోయిందా ఏంది అని. మీ మామను లేపి చెయ్యి పెట్టి చూడుమన్న. "మంచిగనే కొట్టుకుంటాంది, పండుకో" అన్నడు. అందరికి గట్లనే ఉంటదట పద్మా, సప్పుడు లేకుంట. నాకు తెల్వనే తెల్వదు. నాకు బుద్ధి తెలిసినప్పటి సంది చెవుల డప్పే. అందరు గట్లనే బతుకుతాండ్రు, నేనే ఓర్సుకుంటలేను అనుకున్న ఇన్నేండ్లు.

సరే. ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరంల నాకు గోలీలు రాసినవ్, ఉప్పు రాసినవ్, బొమ్మ రాసినవ్. నేనడిగిందానికి జవాబు రాయలే. మీ బాపుకు ఫోన్ చేసిన. వానికి గొంతు బాగైంది గని అబద్ధం చెప్పొస్తలేదు. "అది ఇంకా చేయించుకోలే అక్కా, అడిగితె లేచి పోతాంది" అన్నడు.

నన్ను క్యాన్ పట్టిచ్చి రైలెక్కిచ్చినవ్. నువ్వు ఒక్క సూది పొడిపిచ్చుకోలే. టవర్ అందుతలేదన్ననని నన్ను ఎక్కిరిచ్చినవ్. ఇప్పుడు ఎవరికి అందుతలేదే? కోపంల రాస్తలేను. ఎందుకో చెప్పు.

అత్త


హన్మకొండ,
5 అక్టోబర్ 2024.

అత్తా,

నిజమే. చేయించుకోలేదు. ల్యాబు మెట్ల దాకా పోయి వెనక్కి వచ్చాను. నీకు రాసిన మాటలన్నీ నాకు తెలుసు, తెలిసినా లోపలికి పోలేకపోయాను.

భయం నా గురించి కాదు. నాకు లేదని తేలితే దీప్తికి పరీక్షే అవసరం లేదు. ఉందని తేలితే దానికీ బొమ్మా బొరుసే. దానికీ ఉందంటే ఇంత చిన్నప్పుడే థైరాయిడ్ తీసేయడం మంచిదట, గడ్డ పుట్టకముందే. ఐదేళ్ళ పిల్ల అత్తా. మొన్న మోకాలు గీరుకుపోతే దూది పెట్టనివ్వలేదు. దాని గొంతు మీద కత్తి పెట్టడానికి నేను సంతకం చేయాలా?

ఇదివరకు ఎవరైనా "అచ్చం తల్లి పోలికే" అంటే మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఆ మాట వింటే ఒళ్ళు జలదరిస్తోంది. నా నుంచి దానికి ఇంకేం పోయిందో అని నిద్రపోతున్నప్పుడు దాని మెడ తడుముతున్నాను. తెలియనంత కాలం లేనట్టే కదా అనిపిస్తుంది. తప్పని తెలుసు. నా చేత కావడం లేదు.

నీ ఆపరేషన్ బాగా జరగాలి. ముందు అది కానీ. నన్ను తిట్టకు.

పద్మ


6 నవంబర్ 2024.

నా బంగారు పద్మకు,

లేచి కూసోని రాస్తాన. కుట్లు చిన్నచిన్నయి, చీమ కుట్టినట్టున్నయి. ఆపరేషన్ నాడు మీరంతా బయట ఏడ్సుకుంట కూసున్నరట గద, లోపల నేను మంచిగ పండుకున్న. మత్తిచ్చే డాక్టరు తెల్లారి వచ్చి చెప్పిండు. గడ్డను ముట్టుకోంగనే బీపీ ఎగిరిందట, మందు చేతుల పట్టుకొనే ఉన్నరట, దించిండ్రట. మా నాయిన బల్ల మీద ఉన్ననాడు లోపల ఏమున్నదో ఎవ్వరికి ఎరుక లేదు. నేను బల్ల మీద ఉన్ననాడు అందరికి ఎరుకే. గంతే తేడ. పాపం, ఆనాడు ఆ డాక్టర్‌ను మనం ఎన్ని శాపాలు పెట్టినమో. ఆయనకు గూడ తెల్వకనే గద.

నీ ఉత్తరం చదివి నేను జవాబు రాయలే. ఆపరేషన్ కానియ్యి అన్నవ్, అయ్యింది. ఇప్పుడు విను.

తెల్వనంత కాలం లేనట్టే అంటివి. నాకు యాభై ఎనిమిదేండ్లు తెల్వదు బిడ్డా. తెల్వకుంటె అది పోయిందా? లోపల కూసోని నిమ్మకాయంత అయ్యింది.

దానికి ఏం ఇచ్చిన్నో అని రాత్రిళ్ళు మెడ తడుముతానవ్. నాకు పిల్లలు లేరు, నిన్ను ఎత్తుకొని పెంచిన, నీ బాధ నాకు అర్థం గాదా? మా నాయిన నాకు, తమ్మునికి ఇది ఇచ్చిండు. ఆయనకు తెల్వది గనుక వట్టిగ ఇచ్చిండు, మందు లేకుంట ఇచ్చిండు. తెలిస్తె ఇడిసిపెట్టెటోడా? ఎత్తుకొని ఉరుకపోవునా? నువ్వు దీప్తికి ఇచ్చినవో లేదో దేవునికెరుక. ఇచ్చినా మందుతోని కలిపి ఇచ్చినవ్. మా నాయినకు దొరకంది నీకు దొరికింది. దాన్ని కాలదన్నుకుంటవా?

సంతకం చేసుడు కష్టమే. కష్టం గాదని ఎవ్వడన్న అంటె వానికి పిల్లలు లేరన్నట్టు. గని మోకాలికి దూది పెట్టనియ్యకుంటె నువ్వు ఊకున్నవా? పట్టుకొని పెట్టలే?

వచ్చే బేస్తారం నాడు పొద్దుగాల రైలుకు వస్తాన. బరువెత్తద్దన్నరు, మీ మామ సంచి మోస్తడు. ల్యాబు మెట్ల కాడ నీ చెయ్యి నేను పట్టుకుంట. సూది నువ్వు పొడిపిచ్చుకో, భయం నాకియ్యి. నేను మొయ్యలేనా? ఇన్నేండ్లు డప్పును మోసిన.

ఇంట్ల ఉండు. తాళమేసి పోయినవో, మీ ఇంటి ముంగట కూసోని వాడకట్టంత వినబడేటట్టు పాటందుకుంట.

నీ అత్త,
పూలమ్మ


హైదరాబాద్, ఆసుపత్రి వరండా,
12 డిసెంబర్ 2024.

అత్తా,

ఇది పోస్టులో వేయను. నువ్వు నా పక్క కుర్చీలోనే ఉన్నావు. తల నా భుజం మీద వాల్చి, నోరు కొంచెం తెరిచి, గురక పెట్టి నిద్రపోతున్నావు. తెల్లవారుజామున లేచి నా కోసం రైలెక్కి వచ్చినదానివి, అలిసిపోయావు. నా ఎడమ చెయ్యి నీ గుప్పిట్లోనే ఉంది, అందుకే కాగితం కదిలిపోతూ రాత వంకరలు పోతోంది.

నువ్వు నిద్రపోయాక నన్ను లోపలికి పిలిచారు. నీ తల మెల్లగా గోడకు ఆనించి పోయాను. నెల కిందట నువ్వు చెయ్యి పట్టుకుంటే ఇచ్చిన రక్తం రిపోర్టు ఇచ్చారు. నాకు ఉంది.

డాక్టరమ్మ నా మొహంలోకి చూస్తూ నీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది. నేనూ ఏడుస్తాననే అనుకున్నాను. ఏడుపు రాలేదు అత్తా. "మా పాపను రేపు తీసుకురావచ్చా?" అని అడిగాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం వేసింది. పొద్దున పదింటికి రమ్మంది. ఆ తర్వాత ఏం తేలుతుందో తెలియదు. ఏది తేలినా దానికి ఏం చేయాలో తెలిసినవాళ్ళు ఉన్నారు, నేనున్నాను, నువ్వున్నావు.

తిరిగి వచ్చి మళ్ళీ నీ తల నా భుజం మీద పెట్టుకున్నాను. నువ్వు కళ్ళు తెరవకుండానే నా చెయ్యి వెతికి పట్టుకున్నావు. బాపు ఫోన్ రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. ముందు నీకే చెప్పాలి. చెప్పడానికి భయం లేదు, నిన్ను లేపడానికే మనసు రావడం లేదు. కాసేపు పడుకో. లేచాక చాయ్ తాగుదాం, అప్పుడు చెబుతాను.

నీ పద్మ